సవాద్ పల్లెలకు వైద్యం
అబ్బాసీ యుగంలో ఒక ధర్మవైద్య వ్యవస్థ - దాని నిర్వహణ, దాని పాఠాలు

ఇస్లామీయ నాగరికతలో వైద్యశాలల ప్రస్తావన వచ్చినప్పుడు మన దృష్టి సాధారణంగా మహానగరాల మీదికే పోతుంది. దమిష్క్‌లో 1154లో వెలసిన నూరీ వైద్యశాల, ఖాహిరాలో 1284లో సుల్తాన్ ఖలావూన్ నిర్మించిన మన్సూరీ వైద్యశాల, బాగ్దాద్‌లో 982లో ప్రారంభమైన అజుదీ వైద్యశాల - వీటి విశాలమైన ప్రాంగణాలను, వీటిలో పనిచేసిన హకీముల పాండిత్యాన్ని గురించి ఎన్నో గ్రంథాలు వెలువడ్డాయి. అది సముచితమే. కాని ఆ కాలంలో జనసంఖ్యలో అత్యధికులు నగరవాసులు కారు. పొలాల్లో, కాలువగట్ల మీద, చిన్న చిన్న పల్లెల్లో జీవించినవారు. వారికి జబ్బు చేస్తే చూసేదెవరు? నగరంలో ధర్మవైద్యశాల ఎంత గొప్పదైనా, మూడు రోజుల నడక దూరంలో జ్వరంతో మూలుగుతున్న రైతుకు దానివల్ల కలిగే మేలేమిటి?

ఈ ప్రశ్న ఆధునికులు మొదటిసారిగా లేవదీసింది కాదు. హిజ్రీ నాల్గవ శతాబ్దపు ఆరంభంలో, అంటే క్రీస్తుశకం పదో శతాబ్దపు తొలి దశకాల్లో, బాగ్దాద్‌లోని ఒక వజీరు ఈ ప్రశ్న వేసుకున్నాడు. దానికి సమాధానంగా ఆయన చేసిన ఏర్పాటు చరిత్రలో నిలిచిపోయింది. ఆ వజీరు పేరు అలీ బిన్ ఈసా. ఆయన ఆదేశాన్ని ఆచరణలో పెట్టిన వైద్యుడు సినాన్ బిన్ సాబిత్. వీరిద్దరి మధ్య నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలను సినాన్ కుమారుడు, చరిత్రకారుడు అయిన సాబిత్ బిన్ సినాన్ నమోదు చేశాడు. ఆయన ద్వారా అవి ఇబ్న్ అల్ ఖిఫ్తీ, ఇబ్న్ అబీ ఉసైబియా అనే పదమూడో శతాబ్దపు రచయితల వైద్య చరిత్రలకు చేరి, నేటివరకు మిగిలాయి. ధర్మవైద్యాన్ని నడపటంలో ఎదురయ్యే చిక్కులన్నీ - ధనం, వైద్యుల కొరత, ఎవరికి ముందు అనే ప్రశ్న, వక్ఫ్ ఆదాయం సకాలంలో అందకపోవటం - ఆ కొద్ది ఉత్తరాల్లోనే కనిపిస్తాయి.

పూర్వరంగం

రోగిసేవ ముస్లిం సమాజంలో వజీర్లతోనో, సుల్తానులతోనో ప్రారంభమైనది కాదు. క్రీస్తుశకం 627లో జరిగిన కందక యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) తీవ్రంగా గాయపడినప్పుడు, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) ఆయనను మదీనా మస్జిద్‌లో వేసిన గుడారంలో ఉంచారు. గాయపడినవారికి సేవ చేసే ఆ గుడారం హజ్రత్ రుఫైదా (రజి) గారిదని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. నమాజు జరిగే చోటే రోగికి పరుపు వేయటంలో గొప్ప సందేశం ఉంది. ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని కూడా సృష్టించాడన్న ప్రవక్త బోధ విశ్వాసులను విధిమీద భారం వేసి కూర్చోనీయక, ఔషధాన్వేషణకు పురికొల్పింది.

ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ హిజ్రీ 88లో, అంటే 707లో, రోగుల కోసం ఒక ఆశ్రయాన్ని ఏర్పరచి వైద్యులను నియమించి, కుష్ఠు రోగులకు భృతి కల్పించాడని మఖ్రీజీ వ్రాశాడు. అబ్బాసీల కాలంలో హారూన్ రషీద్ బాగ్దాద్‌లో వైద్యశాల నెలకొల్పాడు. వీటికి వాడుకలోకి వచ్చిన 'బీమారిస్తాన్' అనే పేరు ఫార్సీ పదం. ఉర్దూ తెలిసిన మన ఇళ్లలో నేటికీ వినిపించే 'బీమార్' అనే మాటే అందులోనూ ఉంది. రోగులుండే చోటు అని దాని అర్థం.

నిర్వహణ విషయంలో మిస్రు పాలకుడు అహ్మద్ బిన్ తూలూన్ ఫుస్తాత్ వద్ద హిజ్రీ 259లో, అంటే 872-73లో, నిర్మాణం ఆరంభించిన వైద్యశాల గమనించదగినది. కొన్ని అంగళ్ల, కట్టడాల ఆదాయాన్ని ఆయన దానికి వక్ఫ్ చేశాడు. రోగి చేరగానే అతని బట్టలు, డబ్బు తీసి భద్రపరిచేవారు. వైద్యశాల దుస్తులు తొడిగి, పరుపు, ఆహారం, మందు ఉచితంగా ఇచ్చేవారు. కోడిమాంసం, రొట్టె తినగలిగిననాడు రోగి కోలుకున్నట్టు భావించి, అతని సొత్తు అతనికి అప్పగించి పంపేవారు. సైనికులను, బానిసలను అక్కడ చేర్చుకోరాదని నిబంధన. చూసేవారు వేరే ఉన్నవారిని పక్కన పెట్టి, ఎవరూ లేని ప్రజానీకానికి వైద్యం అందించటమే దీని ఉద్దేశ్యమని అర్థమవుతుంది. ఇబ్న్ తూలూన్ స్వయంగా ప్రతి శుక్రవారం వచ్చి మందుల నిల్వలను, రోగులను పరిశీలించేవాడు.

అయితే ఇవన్నీ నగరాలకు, రాజధానులకు పరిమితమైన ఏర్పాట్లు. పల్లె ఇంకా వెలుపలే ఉన్నది.

సవాద్ అంటే ఏమిటి?

దజ్లా, ఫురాత్ నదుల మధ్యనున్న దక్షిణ ఇరాఖ్ మైదానాన్ని అరబ్బులు 'సవాద్' అని పిలిచారు. సవాద్ అంటే నలుపు. ఎడారి నుండి వచ్చేవారి కంటికి ఆ దట్టమైన ఖర్జూర తోటలు, పచ్చని పైర్లు దూరం నుండి నల్లగా కనబడేవి. ఎన్నో కాలువల నీటితో గోధుమ, బార్లీ, వరి, ఖర్జూరం పండించిన ఈ ప్రాంతం అబ్బాసీ ఖజానాకు ప్రాణాధారం. బాగ్దాద్ తిన్న తిండిలో, ఆస్థానం అనుభవించిన వైభవంలో సవాద్ రైతు చెమట ఎంతో ఉన్నది.

కాని అదే సవాద్ పదో శతాబ్దపు ఆరంభానికి నలిగిపోతున్నది. పన్ను వసూలును గుత్తకు ఇచ్చే పద్ధతి బలపడింది. గుత్తేదారుకు ఆ యేటి రాబడే ముఖ్యం, కాలువల మరమ్మతు కాదు. మరోవైపు కర్మతీయుల దాడులు పెరిగాయి. 923లో వారు బస్రా మీద పడ్డారు, 927లో కూఫా సమీపంలో ఖలీఫా సేనను ఓడించారు. దారులు భద్రంగా లేవు. చదువుకున్న వైద్యునికి బాగ్దాద్‌లో గౌరవం, ఆదాయం రెండూ లభిస్తుండగా అతడు పల్లెకు పోవటానికి కారణమేమీ లేదు. ఖజానాకు అన్నం పెట్టే ప్రాంతానికే వైద్యుడు కరువయ్యాడు. ఈ విడ్డూరం ఆ యుగానికి మాత్రమే చెందినదని చెప్పలేము.

వజీరు - వైద్యుడు

అలీ బిన్ ఈసా జర్రాహ్ వంశీయుడు. ఈ వంశం బాగ్దాద్‌కు దిగువన దజ్లా ఒడ్డునున్న దైర్ ఖున్నా ప్రాంతానికి చెందినది. అంటే వజీరు పూర్వీకుల ఊరు సవాద్‌లోనిదే. 859లో జన్మించిన ఆయన ఖలీఫా ముఖ్తదిర్ కాలంలో రెండుసార్లు, 913 నుండి 917 వరకు, మరల 927-928లో వజీరుగా ఉన్నాడు. 918 నుండి కొన్నేళ్లపాటు హామిద్ బిన్ అబ్బాస్ పేరుకు వజీరైనా, పరిపాలన భారం చాలావరకు అలీ బిన్ ఈసా మీదనే పడింది. ధర్మాదాయాల నిర్వహణ కోసం ఆయన 'దీవాన్ అల్ బిర్' అనే ప్రత్యేక శాఖను నెలకొల్పాడు. దుబారాను అరికట్టటంలో కఠినుడని ఆయనకు పేరు. ఆస్థానంలో ఆయనకు శత్రువులు పెరగటానికి అదే ముఖ్య కారణం. 914లో బాగ్దాద్‌లోని హర్బియ్యా పేటలో ఆయన తన సొంత ధనంతో ఒక వైద్యశాల స్థాపించి, యవన గ్రంథాల అనువాదకుడుగా కూడా ప్రసిద్ధుడైన అబూ ఉస్మాన్ దిమిష్ఖీని దానికి అధిపతిగా నియమించాడు.

సినాన్ బిన్ సాబిత్ హర్రాన్ సాబియీ కుటుంబంలో పుట్టినవాడు. ఆయన తండ్రి సాబిత్ బిన్ ఖుర్రా గణితంలో, ఖగోళశాస్త్రంలో, వైద్యంలో అగ్రగణ్యుడు. సినాన్ ముగ్గురు ఖలీఫాలకు - ముఖ్తదిర్, ఖాహిర్, రాజీలకు - వైద్యుడుగా ఉన్నాడు. ఆయన ఇస్లాం స్వీకరించింది ఖాహిర్ కాలంలో, అంటే 932 తరువాత. అలీ బిన్ ఈసా ఆయనకు ఆ ఉత్తరాలు వ్రాసిననాటికి ఆయన ముస్లిం కాడు. అయినా రాజధానిలోని వైద్యశాలల పర్యవేక్షణ ఆయన చేతిలోనే ఉండేది. అర్హతే ప్రధానమన్న ఆనాటి దృష్టికి ఇది నిదర్శనం.

చెరసాల నుండి పల్లెకు

రోగాలు విపరీతంగా ప్రబలిన ఒక సంవత్సరంలో అలీ బిన్ ఈసా సినాన్‌కు మొదటి ఉత్తరం వ్రాశాడు. అది చెరసాలల గురించి. ఖైదీల సంఖ్య అధికం, వారుండే చోటు కష్టభూయిష్ఠం. కనుక వారు జబ్బుపడక తప్పదు. తమ అవసరాలను తాము తీర్చుకోలేరు, వైద్యుని వద్దకు పోయి సలహా అడగనూ లేరు. కాబట్టి ప్రతిరోజూ వైద్యులు చెరసాలలకు వెళ్లాలి; మందులు, షర్బతులు వెంట తీసుకుపోవాలి; అన్ని చెరలూ తిరిగి రోగులను చూడాలి - ఇదీ ఆదేశ సారాంశం. పేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టేవారిని దివ్య ఖుర్ఆన్ దహర్ సూరాలో ప్రశంసించింది. ఖైదీకి అన్నంతోపాటు మందు కూడా హక్కేనని ఈ వజీరు గ్రహించాడు.

రెండవ ఉత్తరం సవాద్ గురించి. చెరసాల విషయంలో ఆయన అనుసరించిన తర్కాన్నే ఇక్కడ ఇంకొంచెం ముందుకు తీసుకుపోయాడు. సవాద్‌లో నివసించే ప్రజల గురించి తాను ఆలోచించాననీ, వారిలో రోగులుండి తీరుతారనీ, కాని అక్కడ వైద్యులు లేనందున వారిని కనిపెట్టి చూసేవారు లేరనీ ఆయన వ్రాశాడు. కనుక మందులతో, షర్బతులతో కూడిన ఔషధ భాండారాన్ని వెంటనిచ్చి వైద్యులను పంపాలి. వారు సవాద్ అంతా తిరగాలి. ప్రతి చోటా అక్కడి అవసరాన్నిబట్టి ఆగాలి. రోగులకు చికిత్స చేసి మరొక చోటికి సాగాలి.

ఈ కొద్ది ఆదేశంలో మూడు సూత్రాలున్నాయి. మొదటిది, రోగి వైద్యశాలకు రాలేని చోట వైద్యశాలే రోగి వద్దకు పోవాలి. రెండవది, వైద్యుడొక్కడే పోతే చాలదు. మందు లేని వైద్యుడు మాట సాయమే చేయగలడు. కనుక ఔషధశాల అతని వెంట కదలాలి. మూడవది, ఒక్కొక్క ఊరికి ఇన్ని రోజులని రాజధానిలో కూర్చుని లెక్క కట్టటం కాదు. అక్కడి అవసరమే గడువును నిర్ణయించాలి. దస్త్రాల మనిషి అయిన వజీరు ఈ నిర్ణయాన్ని వైద్యులకే వదలటం విశేషం.

సూరా వద్ద తలెత్తిన ప్రశ్న

వైద్యులు బయలుదేరారు. తిరుగుతూ తిరుగుతూ సూరా ప్రాంతానికి చేరుకున్నారు. సూరా యూదు విద్యాపీఠానికి ప్రసిద్ధి. అక్కడి జనంలో అత్యధికులు యూదులు. అప్పుడు వైద్యులకు సందేహం కలిగింది. తాము ఇక్కడే ఆగి వీరికి చికిత్స చేయాలా, లేక వీరిని విడిచి ముందుకు సాగాలా? వారు సినాన్‌కు వ్రాశారు. సినాన్ వజీరుకు నివేదించాడు. నివేదిస్తూ ఆయన ఒక మాట జోడించాడు: రాజధాని వైద్యశాలలో ముస్లిముకూ జిమ్మీకీ ఇద్దరికీ చికిత్స చేయటమే ఆనవాయితీగా ఉన్నదని. అంటే ప్రశ్నతోపాటు పూర్వాచారాన్ని కూడా వజీరు ముందుంచాడు.

వజీరు సమాధానం ఇలా ఉన్నది. జిమ్మీలకూ, పశువులకూ చికిత్స చేయటం మంచిదన్న విషయంలో తమ మధ్య అభిప్రాయభేదమే లేదు. కాని ముందుగా చేయవలసినది పశువులకన్నా మనుషులకు, జిమ్మీలకన్నా ముస్లిములకు. ముస్లిముల అవసరం తీరిన తరువాత మిగిలినది తదుపరి తరగతి వారికి వినియోగించాలి. ఆ ప్రకారమే నడుచుకోవలసిందని వైద్యులకు తెలియజేయాలి. పల్లెలలోను, అంటువ్యాధులు ఎక్కువగా ఉండి రోగాలు వ్యాపించిన చోట్లలోను తిరగమని వారికి చెప్పాలి. దారిలో రక్షక భటులు దొరకకపోతే బాట భద్రమయ్యేవరకు ప్రయాణం ఆపుకోవాలి.

ఈ సమాధానాన్ని నేటి పాఠకుడు ఎలా అర్థం చేసుకోవాలి? దీనిని చూపి కొందరు పూర్తి సమానత్వమని పొగిడారు. మరికొందరు వివక్ష అని తప్పుపట్టారు. రెండూ తొందరపాటే. ఉత్తరంలో క్రమం ఉన్న మాట నిజం. ముస్లిముకు మొదటి స్థానం ఇవ్వబడింది. ఖజానా ముస్లిం సమాజానిది, అది తరిగిపోతున్నది, మందులు పరిమితం - ఆ స్థితిలో ఒక పదో శతాబ్దపు పాలకుడు గీసిన వరుస అది. అయితే ఆ వరుస ఎవరినీ బయటికి నెట్టలేదు. యూదుల ఊరని తెలిసి కూడా వైద్యులను వెనక్కి పిలవలేదు. మానవాళిలో ఒక్క ప్రాణాన్ని కాపాడటం సర్వ మానవాళినీ కాపాడటంతో సమానమని మాయిదా సూరా బోధిస్తున్నది. ఆ వెలుగులో చూస్తే, రోగి విశ్వాసాన్ని కాక రోగ తీవ్రతను బట్టి వరుస నిర్ణయించటమే మెరుగైన పద్ధతి. వైద్యశాలలో అప్పటికే నెలకొని ఉన్న ఆనవాయితీని సినాన్ గుర్తుచేయటంలో ఉన్నది కూడా ఆ దిశే. వజీరు ఉత్తరంలోనే రెండవ సూత్రం ఒకటి ఉన్నది: వ్యాధి ఎక్కువగా ఉన్న చోటికి పోవాలన్నది. మొదటి సూత్రం ఆ కాలానికి చెందినది. రెండవది ఏ కాలానికైనా చెల్లుతుంది.

పశువుల ప్రస్తావన కూడా తేలికగా తీసివేయదగినది కాదు. కాడి ఎద్దు పడిపోతే రైతు కుటుంబం ఆ యేడు పస్తులుండవలసినదే. రోగం తగ్గి లేచిన రైతుకు దున్నటానికి ఎద్దు లేకపోతే వైద్యం సగమే అయినట్టు. పల్లె జీవితం తెలిసినవాడే మనుషుల వైద్యానికి సంబంధించిన ఉత్తరంలో పశువును గుర్తుంచుకోగలడు.

రాజ్యానికి ఇందులో స్వప్రయోజనం లేదా? ఉన్నది. రైతు ఆరోగ్యంగా ఉంటేనే పన్ను వస్తుంది. అలీ బిన్ ఈసాకు ఈ లెక్క తెలియదనుకోవటం అమాయకత్వం. కాని ఆ లెక్క అంతకుముందున్న వజీర్లకూ తెలుసు, గుత్తేదార్లకూ తెలుసు. వారిలో ఎవరూ మందుల పెట్టెలను పల్లెకు పంపలేదు. ప్రయోజనం, ధర్మం కలిసి నడవగలవని గ్రహించటమే ఆయన ప్రత్యేకత.

ధనం - దాని దారి

ధర్మసంస్థకు సంకల్పం ప్రాణమైతే, ధనం ఊపిరి. హిజ్రీ 306 ముహర్రం నెలలో, అంటే 918లో, సినాన్ బాగ్దాద్‌లోని సూఖ్ యహ్యాలో ఖలీఫా తల్లి పేరిట వైద్యశాలను ప్రారంభించాడు. దానికి నెలకు 600 దీనార్ల వ్యయం. అదే సంవత్సరం సినాన్ సలహా మీద ఖలీఫా ముఖ్తదిర్ బాబుష్షామ్ వద్ద మరొక వైద్యశాలను స్థాపించి, నెలకు 200 దీనార్లు తన సొమ్ములోనుండి ఇచ్చాడు. మొదటి వైద్యశాలకు సంబంధించి గ్రంథకర్తలు ఒక చిన్న వివరం చెబుతారు: ఆ 600 దీనార్లు సినాన్ చేతి మీదుగా కాక మరొక అధికారి చేతి మీదుగా ఖర్చయ్యేవి, ఎందుకంటే వైద్యశాల ఖర్చులలో సినాన్ చేయి పెట్టేవాడు కాడు. వైద్యం చేసేవాడు వేరు, డబ్బు పంచేవాడు వేరు. ధర్మసంస్థలను కాపాడే నియమాలలో ఇంతకన్నా సులభమైనది, ఇంతకన్నా తరచుగా ఉల్లంఘించబడేది మరొకటి లేదు.

కాని డబ్బు పంచేవాడే దారి తప్పితే? ఆ ప్రశ్నకు కూడా ఈ చరిత్రలో సమాధానముంది. బాగ్దాద్‌లోని ముఖర్రిమ్ పేటలో ఖలీఫా ముఅతజిద్ సేనాని బద్ర్ పేరిట ఒక వైద్యశాల ఉండేది. దాని ఖర్చు ఖలీఫా ముతవక్కిల్ తల్లి చేసిన వక్ఫ్ ఆదాయం నుండి రావాలి. ఆ ఆదాయంలో ఒక భాగం బనూ హాషిమ్ వంశీయులకు, ఒక భాగం వైద్యశాలకు. వక్ఫ్ నిర్వాహకుడైన అబూ సఖ్ర్ కల్వాజానీ హాషిమీల వాటాను వెంటనే చెల్లించేవాడు. వైద్యశాల వాటాను మాత్రం ఆలస్యం చేసి, కోత పెట్టేవాడు. కారణం ఊహించటం కష్టం కాదు. హాషిమీలు పలుకుబడి గలవారు. తమ వాటా రాకపోతే గొంతెత్తగలరు. పడకమీది రోగి గొంతు వజీరు ఇంటిదాకా చేరదు.

సినాన్ ఆ గొంతు అయ్యాడు. రోగులకు బొగ్గు, ఆహారం, దుప్పట్లు చాలటం లేదని, అందువల్ల వారు ఎంత బాధపడుతున్నదీ వివరిస్తూ వజీరుకు విన్నపం వ్రాశాడు. అలీ బిన్ ఈసా ఆ విన్నపం వెనుకనే కల్వాజానీకి ఆదేశం వ్రాసి పంపాడు. విన్నది చాలా తీవ్రమైన విషయమని మందలించాడు. ఒకరి వాటాను పెంచుతూ రోగుల వాటాను తగ్గించటానికి సంజాయిషీ అడిగాడు. చలికాలపు కష్టం మీద పడకముందే ఉపాయం చేసి దుప్పట్లు, బొగ్గు, ఆహారం, రోజువారీ చికిత్స, సేవ అందేలా చూడమన్నాడు. వాటాలు సమంగా పంచటం ఒక్కటే న్యాయం కాదు, నిస్సహాయుని వాటాను ముందు తీర్చటం న్యాయం - ఈ ఆదేశపు అంతరార్థం అది.

వక్ఫ్ చేసినవారి సంకల్పం ఎంత పవిత్రమైనా, అది ఒక మనిషి చేతిలోనుండే ఆచరణలోకి రావాలి. ఆ చేతిమీద కన్ను లేనినాడు వక్ఫ్ దస్తావేజు కాగితంగానే మిగిలిపోతుంది. బద్ర్ వైద్యశాలలో వక్ఫ్ సొమ్మును ఎవరూ దొంగిలించలేదు. అది కేవలం ఆలస్యమైంది. చలికాలపు రాత్రి రోగికి ఆ రెండింటికీ తేడా లేదు.

వైద్యుల కొరత - వైద్యుల నాణ్యత

మరొక చిక్కు వైద్యుల అర్హత. హిజ్రీ 319లో, అంటే 931లో, బాగ్దాద్‌లో ఒక వైద్యుని పొరపాటు వల్ల సామాన్యుడొకడు మరణించాడన్న వార్త ఖలీఫా ముఖ్తదిర్‌కు చేరింది. సినాన్ పరీక్షించి అనుమతి పత్రం ఇచ్చినవారు తప్ప ఎవరూ వైద్యం చేయరాదని ఖలీఫా శాసించాడు. సుప్రసిద్ధులను, ఆస్థాన వైద్యులను మినహాయించినా, పరీక్షకు వచ్చినవారు ఒక్క బాగ్దాద్‌లోనే 860 మందికి పైగా తేలారు. ఒక నగరంలో ఇంతమంది, సవాద్ పల్లెల్లో ఒక్కరూ లేకపోవటం - ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టి చూస్తే కొరత వైద్యులకు కాదనీ, వారి పంపిణీకనీ బోధపడుతుంది.

ఆ పరీక్షలో జరిగిన ఒక సంఘటనను ఇబ్న్ అల్ ఖిఫ్తీ చెబుతాడు. చక్కని దుస్తులు ధరించిన ఒక పెద్దమనిషి వచ్చాడు. సినాన్ ఆయనను గౌరవించి, ఎవరి వద్ద చదివారని అడిగాడు. ఆ వృద్ధుడు తనకు సరిగా చదవటం, వ్రాయటం రాదని, కుటుంబాన్ని పోషించుకోవటానికి ఇదే ఆధారమని, తన బ్రతుకుతెరువు తీసివేయవద్దని వేడుకొన్నాడు. సినాన్ అనుమతి ఇచ్చాడు, కాని కట్టుదిట్టమైన షరతుతో: తెలియని రోగంలో చేయి పెట్టరాదు; రక్తం తీయటం, గట్టి విరేచనం వంటివి తేలికపాటి రోగాల్లో తప్ప ఆదేశించరాదు. తాను జీవితమంతా అనుసరించిన పద్ధతి అదేననీ, సికంజబీన్, జులాబులను దాటి ఎన్నడూ పోలేదనీ ఆ వృద్ధుడు జవాబిచ్చాడు. మరునాడు చక్కని వేషంలో ఒక యువకుడు పరీక్షకు వచ్చాడు. ఎవరి వద్ద నేర్చుకున్నావని అడిగితే ఆ వృద్ధుని పేరే చెప్పాడు. సినాన్ నవ్వి, అతనికీ అదే షరతు విధించి పంపాడు.

ఇది నవ్వు పుట్టించే కథే కాని ఇందులో నిర్వాహకుని వివేకం ఉన్నది. ప్రతి జ్వరానికీ పండితుడైన హకీము దొరకడు. తెలిసినంతవరకే చేసి, తెలియనిది తెలియదని ఆగగలిగిన సామాన్య సేవకుడు కూడా సమాజానికి అవసరమే. అతనికి హద్దు గీయటం, ఆ హద్దును అతడు పాటించేలా చూడటం పెద్దల బాధ్యత.

ఏది నిలిచింది, ఏది నిలవలేదు

అలీ బిన్ ఈసా 928లో రెండవసారి పదవి కోల్పోయాడు. 932లో ఖలీఫా ముఖ్తదిర్ యుద్ధంలో మరణించాడు. ఆ తరువాత బాగ్దాద్‌లో అధికారం సేనానుల చేతుల్లోకి పోయింది. 937లో సేనానుల పోరులో నహ్రవాన్ కాలువ గట్టును తెగగొట్టడంతో సవాద్‌లోని ఒక ముఖ్య ప్రాంతం నీరు లేక పాడుబడింది. పల్లెకు వైద్యుణ్ణి పంపిన రాజ్యం, ఇరవై యేళ్లు తిరిగేసరికి పల్లె నీటినే తెంచింది.

నగర వైద్యశాలలకు వక్ఫ్‌లున్నాయి. కనుక పాలకులు మారినా వాటిలో కొన్ని శతాబ్దాలు నిలిచాయి. సవాద్ సంచార వైద్యం వజీరు ఆదేశం మీద ఆధారపడినది. ఆదేశమిచ్చేవాడు పోతే దానికి అండ లేదు. ఇక్కడే ఈ చరిత్రలోని విషాదం, పాఠం రెండూ ఉన్నాయి. సంచార వైద్యశాల అన్న భావన తరువాత కూడా కనిపిస్తుంది. పన్నెండో శతాబ్దంలో సెల్జూఖ్ సుల్తాన్ మహ్మూద్ శిబిరం వెంట 40 ఒంటెలు మోసే వైద్యశాల ఒకటి నడిచిందని ఇబ్న్ ఖల్లికాన్ వ్రాశాడు. కాని అది నడిచింది సేన వెంట, పల్లెల వెంట కాదు. సైన్యం తన వైద్యాన్ని తాను సాధించుకోగలదు. పల్లె తరఫున మాట్లాడేవాడు కావాలి.

సినాన్ మాత్రం తన పని మానలేదు. 940లో ఖలీఫా రాజీ మరణించాక, వాసిత్‌లో ఉన్న తుర్కీ సేనాని బజ్కమ్ ఆయనను పిలిపించుకున్నాడు. తన శరీరానికే కాక తన కోపానికి కూడా చికిత్స చేయమని కోరాడు. సినాన్ బోధ ఆ కఠినుణ్ణి ఎంతో కొంత మార్చింది. కరువు వచ్చినప్పుడు బజ్కమ్ వాసిత్‌లో అన్నసత్రాన్ని, బాగ్దాద్‌లో వైద్యశాలను ఏర్పరచాడు. 941లో అతడు మరణించాడు. 943లో సినాన్ కన్నుమూశాడు. 946లో అలీ బిన్ ఈసా పరమపదించాడు.

తెలుగునేలకు ఈ సంప్రదాయం కొత్తది కాదు. ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా హైదరాబాదు నగరాన్ని నిర్మించినప్పుడు చార్మినారుకు కొద్ది దూరంలోనే యూనానీ వైద్యశాలగా, వైద్య విద్యాలయంగా దారుష్షిఫాను కూడా కట్టించాడు. ఆ పేటకు నేటికీ ఆ పేరే. అదీ నగరం మధ్యలోని కట్టడమే. పల్లెకు దారి వేయటమన్న పని ప్రతి తరం ముందూ మళ్లీ కొత్తగా నిలుస్తున్నది.

ఆ పనికి పూనుకునేవారికి వెయ్యేళ్లనాటి ఆ ఉత్తరాలు కొన్ని విషయాలు స్పష్టంగా చెబుతున్నాయి. రోగి రాలేని చోటికి వైద్యుడు పోవాలి, మందు అతని వెంట పోవాలి. రోగం ఎక్కువగా ఉన్న ఊరు ముందు. ఊరివారి మతం చూసి బండి తిప్పరాదు. సేవకుల ప్రాణాలకు భద్రత చూడాలి. డబ్బు ముట్టే చేయి, నాడి పట్టే చేయి వేరుగా ఉండాలి. వక్ఫ్ ఆదాయంలో నోరులేనివాని వాటా మొదట తీరాలి. అన్నిటికీ మించి, మంచి ఏర్పాటు ఒక మంచి మనిషి పదవీకాలంతో ముగిసిపోకుండా దానికి స్థిరమైన ఆదాయాన్ని, కనిపెట్టి ఉండే పదిమందిని కల్పించాలి. అలీ బిన్ ఈసా మొదటి ఆరింటిని చేసి చూపాడు. ఏడవది ఆయన చేతనూ కాలేదు. అది ఆయన తరువాతివారికి మిగిలిన బాధ్యత.